డ్రాఫ్ట్‌కు ముందు వైడ్ రిసీవర్‌ను అంచనా వేయడం ఎలా?

ఎన్ఎఫ్ఎల్ అంటే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్. అందులో జట్లు ఏటా కాలేజీ కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకోవడమే డ్రాఫ్ట్, ఒక్కో వంతు ఒక పిక్. విసిరిన బంతిని పరిగెత్తి పట్టేవాడు వైడ్ రిసీవర్. 2020 ఏప్రిల్‌లో జరిగిన డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో ఆరుగురు వైడ్ రిసీవర్లు ఎంపికయ్యారు. 21వ పిక్‌తో ఫిలడెల్ఫియా జేలెన్ రేగర్‌ని తీసుకుంది. ఆ వెంటనే 22వ పిక్‌తో మిన్నెసోటా జస్టిన్ జెఫర్సన్‌ని తీసుకుంది. మొదటి సీజన్‌లోనే జెఫర్సన్ 88 క్యాచ్‌లు పట్టి 1,400 గజాలు సాధించాడు. మరి అతను 22 దాకా ఎందుకు మిగిలాడు? లూసియానా స్టేట్ యూనివర్సిటీ (ఎల్ఎస్‌యూ)లో 2019లో అతను ఎక్కువగా స్లాట్‌లో ఆడాడు, అంటే మైదానం అంచున కాకుండా లోపలి వైపు నిలబడ్డాడు. అంచున నిలబడి గట్టి కార్నర్‌బ్యాక్‌ను (రిసీవర్‌ను అడ్డుకునే డిఫెండర్, పొట్టిగా కార్నర్) ఎదుర్కోగలడా అన్నది అప్పట్లో చాలామంది అనుమానం. దానికి జవాబు అప్పటికే టేప్‌లో, అంటే పాత ఆటల వీడియోలో ఉంది. అంతకుముందు ఏడాది, 2018లో, అదే కుర్రాడు అదే కాలేజీకి అంచున ఆడి 54 క్యాచ్‌లు, 875 గజాలు తెచ్చాడు. ఒక్క ఏడాది వెనక్కి వెళ్లి చూస్తే సరిపోయేది.

అమెరికాలో ఉండే మనవాళ్లు ఇప్పుడు చాలామంది ఆఫీసు ఫ్యాంటసీ లీగుల్లో (నిజం ఆటగాళ్లతో కాగితం మీద జట్టు కట్టి, వాళ్ల లెక్కలతో పోటీపడే ఆట) ఆడుతున్నారు. ఆటగాళ్లను ఏళ్ల తరబడి అట్టిపెట్టుకునే డైనాస్టీ లీగ్ అయితే కాలేజీ నుంచి వచ్చే కుర్రాళ్లను ఏటా మనమే ఎంచుకోవాలి. నేను చూసినంతలో ఎక్కువమంది ముందు 40 గజాల పరుగు టైమ్ చూస్తారు, తర్వాత యూట్యూబ్‌లో హైలైట్స్ చూస్తారు, ఆ తర్వాత ఎవరో వేసిన ర్యాంకుల జాబితా చూసి తేల్చేస్తారు. ఈ వరుసను తిరగేయమన్నదే నా మాట. ముందు ఆట చూడండి. చూస్తే అనుమానాలు వస్తాయి. ఆ అనుమానాలు తీర్చుకోవడానికి మాత్రమే లెక్కల దగ్గరికి, స్టాప్‌వాచ్ దగ్గరికి వెళ్లండి.

ముందు ఆటలు ఎంచుకోండి

హైలైట్స్ చూసి ఆటగాడిని అంచనా వేయడం, ట్రైలర్ చూసి సినిమా రివ్యూ రాయడం లాంటిది. అందులో పట్టిన బంతులే ఉంటాయి. రిసీవర్ ఒక ఆటలో ముప్పై సార్లు రూట్ (ముందే అనుకున్న పరుగు దారి) పరిగెత్తితే బంతి తన వైపు వచ్చేది ఏ ఏడెనిమిది సార్లో. మిగతా ఇరవై పైచిలుకు సార్లు ఏం చేశాడన్నదే మనకు కావాలి.

కనీసం మూడు పూర్తి ఆటలు చూడండి. ఒకటి, అతను ఎదుర్కొన్నవాళ్లలో అందరికంటే మంచి కార్నర్‌తో ఆడినది. రెండోది, అతనికి లెక్కల ప్రకారం ఏమీ కలిసిరాని రోజు. మూడోది మామూలు ఆట. వీలైతే ముందు ఏడాదిది ఇంకొకటి కలుపుకోండి. జాక్సన్ స్మిత్-ఎంజిగ్బానే చూడండి. 2022లో తొడ కండరం గాయంతో ఒహాయో స్టేట్‌కు పట్టింది ఐదు క్యాచ్‌లే. 2021లో మాత్రం 95 క్యాచ్‌లు, 1,606 గజాలు. చివరి ఏడాది మాత్రమే చూస్తే అతని గురించి ఏమీ తెలియదు. 2023లో 20వ పిక్‌తో సియాటెల్ తీసుకుంది.

చిన్న కాలేజీ కుర్రాడైతే పెద్ద కాలేజీతో ఆడిన ఆటను వెతికి పట్టుకోండి. కూపర్ కప్ ఆడింది ఈస్టర్న్ వాషింగ్టన్‌కు, అది కింది డివిజన్ జట్టు. అక్కడ వేల గజాలు సాధించినా "ఎవరి మీద?" అని అడుగుతారు. కానీ 2015లో ఒరెగన్ మీద అతను 15 క్యాచ్‌లతో 246 గజాలు తెచ్చాడు. ఆ ఒక్క ఆట ఆ ప్రశ్నకు చాలా వరకు జవాబు చెబుతుంది. అలాబామాలోని మొబైల్‌లో ఏటా జరిగే సీనియర్ బౌల్ ప్రాక్టీసులూ ఇలాంటి కుర్రాళ్ల విషయంలో పనికొస్తాయి. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. అక్కడి ఒకరి మీద ఒకరు ఆడే డ్రిల్‌లో సేఫ్టీ (వెనక కాపు కాసే డిఫెండర్) ఉండడు, క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు) మీదికి ఎవరూ దూసుకురారు, మైదానమంతా రిసీవర్‌దే. అక్కడ గెలవడం కన్నా ఎలా గెలిచాడో చూడండి.

టీవీ ప్రసారంతో ఒక చిక్కుంది. కెమెరా క్వార్టర్‌బ్యాక్‌ను పట్టుకుని ఉంటుంది కాబట్టి రిసీవర్ కాసేపట్లోనే ఫ్రేమ్ దాటి వెళ్లిపోతాడు. అందుకని స్నాప్ (బంతిని వెనక్కి అందించి ఆట మొదలెట్టడం) పడ్డాక మొదటి రెండు సెకన్లు జాగ్రత్తగా చూడండి, రీప్లే వస్తే దాటవేయకండి. ఒక కాగితం మీద ఐదు గళ్లు గీసుకోండి: ఎక్కడ నిలబడ్డాడు, కార్నర్ మీద మీదకి వచ్చి నిలబడ్డాడా దూరంగా ఉన్నాడా, ఏ రూట్, ఖాళీ దొరికిందా, బంతి వచ్చిందా. ప్రతి స్నాప్‌కీ ఒక వరుస రాయండి. మొదటి ఆటకు రెండు గంటలు పడుతుంది, మూడో ఆటకు గంటలో అయిపోతుంది.

మొదటి రెండు అడుగులు

నేను ఎక్కువ సేపు ఆగేది ఇక్కడే. ఎన్ఎఫ్ఎల్‌లో కార్నర్ వచ్చి మూతి మీద మూతి పెట్టినట్టు ఎదురుగా నిలబడతాడు. దాన్ని ప్రెస్ అంటారు. స్నాప్ పడగానే రెండు చేతులతో గుండెల మీద గుద్ది రిసీవర్ వేగాన్ని అక్కడికక్కడే చంపేయాలని చూస్తాడు. దాన్ని తప్పించుకుని బయటపడటమే రిలీజ్. కబడ్డీ చూసినవాళ్లకు ఇది కొత్తేం కాదు. రైడర్ కార్నర్ డిఫెండర్ ముందు భుజం ఒకవైపు చూపించి, కాలు ఇంకోవైపు వేస్తాడు. తెలిసిన డిఫెండర్ భుజాన్ని నమ్మడు, నడుమును చూస్తాడు. మంచి ఎన్ఎఫ్ఎల్ కార్నర్లూ అంతే. కాబట్టి తల, భుజాలు ఊపితే సరిపోదు, నడుము కదిలిందని నమ్మించాలి.

స్పీడ్ పావు వంతుకు తగ్గించి చూడండి. స్నాప్ పడ్డాక రిసీవర్ ముందుకు వెళ్తున్నాడా, ఉన్నచోటే పాదాలతో టకటకా తొక్కుతున్నాడా? కొందరు కుర్రాళ్లు నాలుగైదు అడుగులు అక్కడికక్కడే డ్యాన్స్ చేస్తారు. చూడ్డానికి బాగుంటుంది, కానీ ఈలోపు క్వార్టర్‌బ్యాక్ టైమ్ అయిపోతుంది. మంచి రిలీజ్‌లో ఒక్క అడుగు అబద్ధం చెబుతుంది, రెండో అడుగు దాటిపోతుంది. ఆ తర్వాత చేతులు చూడండి. కార్నర్ చెయ్యి వచ్చే ముందే తన చేత్తో దాన్ని కిందికి కొడుతున్నాడా, తగిలాక తోసుకుంటున్నాడా? ముందే కొట్టేవాడికి పని తెలుసు.

దెబ్బ తగిలితే ఏమవుతుందో కూడా రాసుకోండి. డెవాంటా స్మిత్ 170 పౌండ్ల లోపు ఉన్నాడని 2021లో చాలామంది భయపడ్డారు. కానీ అలాబామాలో అతని ఆట చూస్తే కార్నర్ చేతికి అసలు దొరికేవాడు కాదు. ఆ ఏడాది కాలేజీ ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ అందుకున్న ఆటగాడతను, 10వ పిక్‌తో ఫిలడెల్ఫియా తీసుకుంది. బరువు తక్కువనేది నిజమే. అది ఆటలో ఎక్కడ అడ్డుపడుతోందో టేప్‌లో చూపించగలిగితేనే దాన్ని లోపంగా రాయండి.

ఇక మూడు ఆటలు చూసినా ప్రెస్ మీద ఆడిన స్నాప్‌లు ఐదారుకు మించి కనిపించలేదనుకోండి. అదే పెద్ద సమాచారం. టెన్నెసీ రిసీవర్ జేలిన్ హయాట్ 2022 అక్టోబరులో అలాబామా మీద ఒక్క ఆటలో ఐదు టచ్‌డౌన్లు (బంతిని చివరి గీత దాటించి చేసే స్కోరు) చేశాడు. ఆ ఏడాది 1,267 గజాలు, దేశంలో ఉత్తమ రిసీవర్‌కిచ్చే బిలెట్‌నికాఫ్ అవార్డు కూడా అతనివే. అయినా 2023 డ్రాఫ్ట్‌లో మూడో రౌండ్ దాకా, 73వ పిక్ దాకా ఎవరూ తీసుకోలేదు. టెన్నెసీ ఆటతీరులో రిసీవర్లను బాగా దూరం దూరంగా నిలబెడతారు, హయాట్ ఎక్కువగా స్లాట్ నుంచి ఎవరూ అడ్డుకోకుండా పరుగు అందుకునేవాడు. వేగం నిజమైనదే. ఎదురుగా మనిషి నిలబడితే ఏం చేస్తాడన్నది మాత్రం టేప్‌లో పెద్దగా లేదు. ఫ్లాట్ పిచ్ మీద కొట్టిన సెంచరీ కూడా సెంచరీయే, కాకపోతే స్వింగ్‌ను ఎలా ఆడతాడో అది చెప్పదు.

రూట్: ఎలా ఆగుతాడు?

కోచ్‌లు రూట్లకు అంకెలు ఇచ్చుకుంటారు. ఆ అంకెలు కంఠతా పట్టాల్సిన పని లేదు. లోపలికి ఏటవాలుగా వెళ్లే స్లాంట్, గీత వైపు తిరిగే అవుట్, ఆగి వెనక్కి తిరిగే కర్ల్, వెనక్కి గీత వైపు వచ్చే కమ్‌బ్యాక్, అడ్డంగా లోపలికి తిరిగే డిగ్, లోతులో బయటి మూలకు వెళ్లే కార్నర్ (ఇది రూట్ పేరు, డిఫెండర్ కాదు), లోతులో మధ్యకు వెళ్లే పోస్ట్, నేరుగా లోతుకు పరిగెత్తే గో — ఇవి గుర్తుపడితే చాలు. మీ కాగితంలో ఎన్ని రకాలు వచ్చాయో లెక్కపెట్టండి. గో, స్క్రీన్ (మొదలైన చోటే అందుకునే పొట్టి పాస్), స్లాంట్ తప్ప ఇంకేమీ లేకపోతే, వాడికి చేతకాదని అర్థం కాదు, కాలేజీ వాడితో చేయించలేదని అర్థం. ఆ రెంటినీ కలిపేయకండి.

వేగంగా పరిగెత్తేవాళ్లు చాలామందే ఉంటారు, ఉన్నపళంగా ఆగగలిగేవాళ్లు తక్కువ. కర్ల్ రూట్ తీసుకోండి. పన్నెండు గజాలు దూసుకెళ్లి, ఆగి, క్వార్టర్‌బ్యాక్ వైపు తిరగాలి. వేగం తగ్గించడం మొదలెట్టిన అడుగు నుంచి తిరిగిన అడుగు దాకా లెక్కపెట్టండి. మూడు అడుగుల్లో ఆగాడంటే బాగున్నట్టే. ఐదారు అడుగులు తీసుకుంటే కార్నర్ ముందే పసిగట్టేస్తాడు. ఆగే ముందు ఛాతీ పైకి లేస్తుందేమో కూడా చూడండి. బ్రేక్ వేసే ముందు నిటారుగా లేచేవాడు, ఆగబోతున్నానని ప్రతిసారీ చాటింపు వేసినట్టే. మోకాళ్లు, నడుము కిందికి దిగి, భుజాలు ముందుకే వాలి ఉంటే కార్నర్‌కు చివరి క్షణం దాకా అది గో రూట్‌లాగే కనిపిస్తుంది.

కార్నర్ కూడా కనిపిస్తున్నాడు కదా, అతని పాదాలనూ చూడండి. రిసీవర్ తిరిగిన క్షణంలో కార్నర్ ఇంకా వెనక్కే పరిగెత్తుతుంటే మీవాడు గెలిచాడు, బంతి వచ్చినా రాకపోయినా. ఆ గడిలో టిక్ పెట్టండి. ఈ టిక్కులే రేపు మీకు అసలైన ఆధారం.

జోన్ డిఫెన్స్ (మనిషిని కాకుండా చోటును కాపు కాసే పద్ధతి) వచ్చినప్పుడు ఇంకో రకం తెలివి కావాలి. ఖాళీ ఎక్కడుందో చూసి అక్కడ ఆగిపోవాలి, పరిగెత్తుతూ ఇంకో డిఫెండర్ ఒళ్లోకి వెళ్లకూడదు. క్వార్టర్‌బ్యాక్ పారిపోతున్నప్పుడు తిరిగి అతని వైపు రావాలి. ఇది చూడటానికి పెద్ద కష్టం లేదు, రెండు మూడు సార్లు కనబడగానే తెలిసిపోతుంది.

చేతులు

డ్రాప్‌లు లెక్కపెట్టండి, కానీ ఎలా జారిందో పక్కన రాయండి. బంతి రాకముందే తల తిప్పి పరుగు మొదలెట్టాడా? అది దిద్దుకోగలిగేది. వేళ్లతో పట్టకుండా ప్రతిసారీ ఛాతీకి హత్తుకుంటున్నాడా? అది బెంగ పెట్టుకోవాల్సిందే.

2021 ప్రీసీజన్‌లో జామార్ చేజ్ వరసగా బంతులు వదిలేశాడు. సిన్సినాటి 5వ పిక్‌ను వృథా చేసిందని గోల మొదలైంది. కాలేజీ బంతి మీద తెల్ల చారలుంటాయి, ఎన్ఎఫ్ఎల్ బంతి మీద ఉండవు, అందుకే రావడం సరిగా కనబడటం లేదని అతనే చెప్పాడు. పైగా 2020 సీజన్ మొత్తం ఆడకుండా వచ్చాడు. అయినా 2021 సీజన్‌లో 1,455 గజాలు తెచ్చాడు. పది రోజుల డ్రాప్‌లను చూసి రెండేళ్ల టేప్‌ను పక్కన పడేయకూడదు.

ఇంకో తేడా ఉంది, చాలామంది మర్చిపోతారు. కాలేజీలో క్యాచ్ పట్టాక ఒక్క పాదం గీత లోపల పడితే చాలు, ఎన్ఎఫ్ఎల్‌లో రెండూ పడాలి. అంచున పట్టిన ప్రతి క్యాచ్‌నీ మళ్లీ చూసి, రెండో పాదం ఎక్కడ పడిందో చూడండి. కాలేజీలో అవసరం లేకపోయినా రెండో కాలు లాగి లోపల పెట్టే కుర్రాడు నాకు వెంటనే నచ్చుతాడు.

కార్నర్ మీద పడుతుంటే గాల్లోకి లేచి లాక్కునే క్యాచ్‌ల సంగతి. చూస్తే ఒళ్లు జలదరిస్తుంది, కానీ ఇవి మరీ ఎక్కువగా ఉంటే అనుమానించండి. ఎడం దొరికితే గుంజుకోవాల్సిన పనేముంది? 2019లో న్యూ ఇంగ్లండ్ 32వ పిక్‌తో తీసుకున్న ఎన్‌కీల్ హ్యారీకి అరిజోనా స్టేట్‌లో ఇదే పెద్ద బలం. ఎన్ఎఫ్ఎల్ కార్నర్ల దగ్గర ఎడం దొరక్క, మూడు సీజన్ల తర్వాత జట్టు మారాల్సి వచ్చింది. అదే డ్రాఫ్ట్‌లో అతని వెనక డీబో శామ్యూల్ 36, ఏజే బ్రౌన్ 51, డీకే మెట్‌కాఫ్ 64, టెర్రీ మెక్‌లారిన్ 76వ పిక్‌లలో వెళ్లారు.

ఇప్పుడు లెక్కలు

మూడు లెక్కలు చాలు. ఒకటి, పరిగెత్తిన రూట్‌కు ఎన్ని గజాలు. 400 రూట్లకు 1,000 గజాలు వస్తే రూట్‌కు 2.5. రెండు దాటితే బాగున్నట్టు లెక్క. మొత్తం గజాల కన్నా ఇది నిజాయతీగల అంకె, ఎందుకంటే జట్టు ఎక్కువసార్లు పాస్ వేసిందన్న కారణంతో పెరగదు. పుకా నకువా బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ (బీవైయూ)లో 2022లో గాయాల మధ్య తొమ్మిది ఆటలే ఆడాడు, 625 గజాలే వచ్చాయి. పైపైన చూసినవాళ్లు దాటేశారు, 177వ పిక్ దాకా మిగిలాడు. మొదటి ఎన్ఎఫ్ఎల్ సీజన్‌లో 105 క్యాచ్‌లు, 1,486 గజాలు తెచ్చి రెంటిలోనూ రూకీ (మొదటి ఏడాది ఆటగాడి) రికార్డు రాశాడు.

రెండు, జట్టు మొత్తం పాసింగ్‌లో అతని వాటా. జట్టుకు 3,000 గజాలు వస్తే అందులో 1,050 అతనివైతే 35 శాతం. మూడు, ఆ వాటా ఎన్నేళ్ల వయసులో వచ్చింది. పంతొమ్మిదేళ్లకే పెద్దవాళ్ల మధ్య ముప్పై శాతం తెచ్చుకున్నవాడూ, ఇరవై మూడేళ్లకు ఐదో ఏడాది కాలేజీలో కొత్త పిల్లల మీద తెచ్చుకున్నవాడూ ఒకటి కాదు. 2020లో ఆడినవాళ్లందరికీ కోవిడ్ వల్ల కాలేజీలో ఒక ఏడాది అదనంగా ఇచ్చారు. అప్పటి నుంచి వయసు తప్పనిసరిగా చూసుకోవాల్సి వచ్చింది.

వాటా లెక్క తప్పే చోటు కూడా చెప్పాలి. మెక్‌లారిన్ ఒహాయో స్టేట్‌లో చివరి ఏడాది పట్టింది 35 క్యాచ్‌లే. చుట్టూ మంచి రిసీవర్లుంటే బంతి పంచుకోవాల్సిందే. కానీ ఆ 35కు 701 గజాలు, 11 టచ్‌డౌన్లు ఉన్నాయి. సీనియర్ బౌల్ ప్రాక్టీసుల్లో అతన్ని ఆపడం కార్నర్లకు కష్టమైంది. టేప్, వాటా రెండూ గొడవపడితే నేను టేప్ వైపు నిలబడతాను.

కంబైన్ పరీక్షలు

ఫిబ్రవరి చివర్లో, మార్చి మొదట్లో ఇండియానాపొలిస్‌లో కంబైన్ (డ్రాఫ్ట్‌కు ముందు కుర్రాళ్లకు పెట్టే శారీరక పరీక్షలు) జరుగుతుంది. మీ కాగితంలో మిగిలిన ప్రశ్నలతో అక్కడికి వెళ్లండి. 2017లో జాన్ రాస్ 40 గజాలు 4.22 సెకన్లలో పరిగెత్తి రికార్డు కొట్టాడు, 9వ పిక్‌తో వెళ్లాడు. గాయాలతో గడిచిన మొదటి సీజన్‌లో ఒక్క క్యాచ్ కూడా పట్టలేదు. అదే ఏడాది కూపర్ కప్ 4.62 పరిగెత్తి 69వ పిక్ దాకా ఆగాడు. 2021లో క్యాచ్‌లు, గజాలు, టచ్‌డౌన్లు మూడింటిలోనూ లీగ్‌లో మొదటివాడు అతనే: 145, 1,947, 16. కప్ ఖాళీ సంపాదించేది ఆగి తిరగడంలో. నేరుగా 40 గజాలు పరిగెత్తించే పరీక్షకు ఆ సంగతి పట్టదు.

అలాగని వేగం అక్కర్లేదని అనుకోకండి. రిసీవర్ చేసే పనికి సరిపోయే పరీక్ష చూడమంటున్నాను. మెట్‌కాఫ్ 228 పౌండ్ల బరువుతో 4.33 పరిగెత్తాడు, కానీ మలుపులు తిరిగే త్రీ-కోన్‌లో 7.38 పట్టింది. చాలామంది ఆ రెండో అంకె చూసి వెనకడుగు వేశారు. అతను అంచున నిలబడి నేరుగా దూసుకెళ్లే రిసీవర్. సియాటెల్ అతనితో అదే చేయించింది, మొదటి సీజన్‌లో 900 గజాలు వచ్చాయి. స్మిత్-ఎంజిగ్బాది దీనికి పూర్తిగా వ్యతిరేకం. త్రీ-కోన్ 6.57, షటిల్ (అటూ ఇటూ తిరిగి పరిగెత్తే పరీక్ష) 3.93. స్లాట్‌లో ఇరుకు చోట తిరిగేవాడికి కావాల్సినవి అవే.

గాయాల రిపోర్టులు, ఇంటర్వ్యూలు జట్ల దగ్గరే ఉంటాయి, మన చేతికి రావు. ఊహించి మార్కులు తగ్గించకండి.

చివరగా రాయాల్సింది

పదికి ఎన్ని మార్కులని కాకుండా, ఒక్క వాక్యం రాయండి: ఎక్కడ నిలబడతాడు, దేనితో గెలుస్తాడు, ఎవరి చేతిలో ఓడిపోతాడు. "స్లాట్‌లో జోన్ మీద గెలుస్తాడు, బలమైన ప్రెస్ కార్నర్ ఎదురైతే ఆగిపోతాడు" — ఇలా. ఆ వాక్యం రాయలేకపోతే ఇంకో ఆట చూడాల్సి ఉందన్నమాట. తర్వాత కుర్రాళ్లను ఒకటి, రెండు, మూడు అని వరసగా కాకుండా గుంపులుగా పెట్టుకోండి. ఒకే గుంపులో ఉన్నవాళ్లలో ఎవరు దొరికినా సరే అనుకుంటే డ్రాఫ్ట్ రాత్రి టెన్షన్ సగం తగ్గుతుంది.

ఆ కాగితాలు పారేయకండి. మూడో సీజన్ అయ్యాక తీసి, మీ వాక్యంలో ఏ ముక్క తప్పిందో దాని మీదే ఎర్ర పెన్నుతో గీయండి. అంతకంటే ముందు గీయొద్దు. 2014లో 53వ పిక్‌తో గ్రీన్ బే తీసుకున్న డావాంటే ఆడమ్స్ మొదటి రెండు సీజన్లలో తెచ్చింది 446, 483 గజాలు. మూడో సీజన్‌లో 997 గజాలు, 12 టచ్‌డౌన్లు.